దురద పోయింది, తామర పోలేదు

నిరుడు వానాకాలంలో మా బాబుకి బెల్టు కింద తామర లేచింది. మన కోనసీమ ఉక్కకి మామూలేననుకుని మందుల షాపులో ట్యూబు కొని రాశాను. మూడు రోజుల్లో దురద పోయింది, నెల తిరక్కుండా మళ్ళీ వచ్చింది. మూడో ట్యూబు అయ్యేసరికి వాడు ఆటల పీరియడ్‌కి వెళ్ళడమే మానేశాడు.

అమలాపురంలో చర్మవ్యాధుల డాక్టరుగారు ట్యూబు చూసి, "ఇందులో స్టెరాయిడ్ ఉందమ్మా. దురద అణుగుతుంది, ఫంగస్ పెరుగుతుంది" అన్నారు. చీటీ లేకుండా అమ్మరాదని కేంద్రం 2018లో 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల మీద నిబంధన పెట్టింది. నేను అడగనూ లేదు, చదవనూ లేదు.

"ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అన్నారు. లేదన్నాను. ఇంటికొచ్చాక మా అత్తగారు మెల్లగా చెప్పారు, ఆవిడకి ఏడాదిగా ఉందని. ఇద్దరిదీ ఒకే తువ్వాలు.

బాబుకి బరువును బట్టి, అత్తగారికి బీపీ మందులు చూసి, కాలేయ పరీక్ష చేయించాక, ఇట్రాకొనజోల్ రాసిచ్చారు. పది రోజులకే దురద పోయింది. ఆపేద్దామనిపించినా, డాక్టరుగారు చాలనేదాకా వారాల తరబడి వాడాం. తువ్వాళ్ళు వేరు చేశాం, బట్టలు ఎండలో ఆరేశాం.

ఈ మాత్రలు మీరు సొంతంగా కొనకండి, మొదలుపెడితే మధ్యలో ఆపకండి. ముందుగా ఇంట్లో అందరినీ అడగండి. సిగ్గుపడి దాచేవాళ్ళు ఒక్కరున్నా అది మళ్ళీ వస్తుంది.

మా వాడు మళ్ళీ కబడ్డీ ఆడుతున్నాడు.