చంద్రముఖికి నుదురెంత?

ముప్పైరెండేళ్లు తెలుగు పండితుడిగా పిల్లలకు ముఖవర్ణనలు బోధించాను. ముఖము చంద్రుడు, కన్నులు కలువలు, నాసిక సంపెంగ, అధరము దొండపండు. ఉపమేయ ఉపమానాలు, సమానధర్మం, వాచకం అన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. అయితే ఇన్నేళ్లలో ఏ విద్యార్థీ లేచి "సార్, చంద్రముఖికి నుదురెంత ఉండాలి?" అని అడిగిన పాపాన పోలేదు. అరవైయేడేళ్ల వయసులో ఇప్పుడు పిడికెడు మట్టి నన్ను అదే ప్రశ్న అడుగుతున్నది.

మా ఇంట తలలేని బొమ్మ ఒకటి ఉన్నది. నా సహధర్మచారిణి తన పాత నేతచీర చెంగుతో కుట్టిన ఆడపిల్ల బొమ్మ. కాళ్లు, చేతులు, లంగా, జాకెట్టు అన్నీ అమరినవి. మెడ దాకా వచ్చి ఆగి, "తల సంగతి మీరు చూసుకోండి, పండితులవారు కదా" అని నవ్వింది. అప్పటికే ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్నాము. ఆమె పోయి మూడేళ్లయింది. మెడ దగ్గర దూది కనిపిస్తూ బొమ్మ అట్లాగే పెట్టెలో ఉండిపోయింది. ఈ దసరాకు మనవరాలు నిజామాబాదు వస్తున్నది. నానమ్మ కొలువు తానే పేర్చుతుందట. తలలేని బొమ్మను కొలువులో నిలపలేము, పెట్టెలో దాచనూ లేను.

అలవాటు కొద్దీ ముందు గ్రంథాన్ని ఆశ్రయించాను. ఆరవ శతాబ్దం నాటి వరాహమిహిరుడు బృహత్సంహితలో ప్రతిమాలక్షణానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. ముఖం పొడవు 12 అంగుళాలు, వెడల్పూ అంతే. నుదురు నాలుగు, ముక్కు నాలుగు, గడ్డం నాలుగు. ద్రావిడుల ముఖం పొడవు 14 అంగుళాలని నగ్నజిత్తు చెప్పినట్లు కూడా ఆయనే పేర్కొన్నాడు. ఈ అంగుళం మన స్కేలు మీది అంగుళం కాదు. ఉత్తమ ప్రతిమ ఎత్తును 108 భాగాలు చేస్తే అందులో ఒక భాగం. అంటే ప్రతిమను ప్రతిమ అంగుళంతోనే కొలవాలి. ఎంత న్యాయమైన మాట! పిల్లలకు మార్కులు వేసే రోజుల్లో ఈ సూత్రం నా చెవిన పడి ఉంటే బాగుండేది.

ఇక మట్టి. బోధన్ వైపు పొలాల రేగడి చెరుకుకు పెన్నిధి గాని బొమ్మకు పనికిరాదు. ఆరేటప్పుడు కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. మా వీధి చివరి కుమ్మరి జల్లించిన చెరువుమన్ను ఇచ్చి, "సారూ, మొఖం అటెంక చేద్దురు గాని, ముందుగాల తలకాయ చెయ్యుండ్రి" అన్నాడు. నేను చదివిన వ్యాఖ్యానాలన్నిటికన్నా ఈ ఒక్క వాక్యం ఎక్కువ పని చేసింది. కొత్తవాడి దృష్టి అంతా కళ్లూ ముక్కూ పెదవుల మీదనే. తలకు వెనుక భాగం ఉన్నదన్న సంగతే తోచదు. పక్కనుండి చూస్తే నుదుటి నుండి వెనుక బుర్ర వరకు ఉండే లోతు, తల ఎత్తుకు కాస్త తక్కువ, అంతే. ఏ ప్రబంధనాయికకైనా వెనుక బుర్ర వర్ణించారా? జడ వర్ణించి దాటేశారు.

రెండవ ఆశ్చర్యం కన్నుల స్థానం. మాడు నుండి గడ్డం దాకా దారం పట్టి సగానికి మడిస్తే ఆ మడత కన్నుల మీద పడుతుంది. నమ్మకం లేకపోతే అద్దం ముందు నిలబడి చూసుకోండి. కన్నులు ఎక్కడో పైన ఉన్నట్లు మనకు అనిపిస్తుంది, ఎందుకంటే నుదుటి పైన జుట్టు కింద దాగిన తలను మనం లెక్కలోకి తీసుకోము. ఇక కన్నుకూ కన్నుకూ నడుమ ఎడం ఒక కన్నంత. చెవి కనుబొమ్మ వరుసకూ ముక్కు చివరకూ మధ్య. ఈ కొలతలతో అభ్యాసానికి ఒక పెద్దమనిషి తల చేశాను. లక్షణయుక్తంగా వచ్చింది. సంతకానికి సిద్ధంగా ఉన్న తహశీల్దారులా ఉన్నది.

కాని నాకు కావలసింది ఆడపిల్ల. పసివారి కొలతలు వేరు. కన్నులు సగానికి కిందికి దిగుతాయి, నుదురు విశాలమవుతుంది, గడ్డం చిన్నదై, బుగ్గలు దాన్ని మింగేస్తాయి. బాలరూపాలకు శిల్పులు తక్కువ తాలాలు వాడేది అందుకే. మొత్తం ఎత్తులో తల వాటా పెద్దది. మా బొమ్మకు మెడ నుండి పాదం దాకా స్కేలు మీద తొమ్మిది అంగుళాలు. ఒళ్లు నాలుగు పాళ్లు, తల ఒక పాలు అనుకుంటే రెండుంబావు అంగుళాల తల.

అంత మట్టి తలను దూది మెడ మోయదు. అందుచేత మట్టిని అభ్యాసానికే వదిలి చింతగింజలను పట్టుకున్నాను. సోన్ వంతెన మీదుగా గోదావరి దాటి వెళితే వచ్చే నిర్మల్ లోనూ, అటు కొండపల్లిలోనూ పొణికి కర్రతో బొమ్మలు చేస్తారు. అతుకులకూ, నునుపుకూ చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్ద వాడతారు. కొండపల్లి వారు దాన్ని మక్కు అంటారు. చేర్యాల నకాషీలు కొబ్బరిచిప్ప మీద ఇటువంటి ముద్దతోనే ముఖాలు తీరుస్తారు. నేను పుల్లకు కాగితపు ఉండ చుట్టి, దాని మీద పలుచగా ముద్ద పట్టించాను. ఒక పొర ఆరితే గాని రెండవది వేయకూడదు. పదవీవిరమణ చేసినవాడికి ఇంతకన్నా అనుకూలమైన పని లేదు.

పిల్ల తల వచ్చింది. కొలతలన్నీ సరిపోయినవి. అయినా ఎవరూ కాదు. ఆమె ముఖం చేయాలని నేను అనుకోలేదు, చేయగలననీ అనుకోను. నాకు గుర్తున్నవి బోధన్‌లో నా తరగతి ముఖాలు. 1937లో స్థాపించిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ నడిచిన కాలంలో, గానుగ ఆడే రోజులు వచ్చాయంటే శక్కర్‌నగర్ వైపు గాలి అంతా మడ్డి వాసన. చెరుకు బండ్ల వెంట పరుగెత్తి గడ లాక్కుని, గంట కొట్టాక కూడా ముక్క దవడన పెట్టుకుని కూర్చునేవారు పిల్లలు. "ఏమ్రా, నోట్లో ఏమిటి?" అంటే తల అడ్డంగా ఊపేవారు. ఒక బుగ్గ మాత్రం నిజం చెప్పేది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. మరుసటి ఏడు నేను విరమించాను. ఆ పిల్లలు ఎక్కడెక్కడ ఉన్నారో.

వేలి కొసంత ముద్ద తీసి కుడి బుగ్గకు అద్దాను. దారం పెట్టి చూస్తే రెండు వైపులా సమంగా లేదు. అట్లాగే ఉంచాను.

కళ్లు ఇంకా దిద్దలేదు. శిల్పులు కన్ను చివరనే తెరుస్తారు. మనవరాలికి ఫోనులో తలను చూపించాను. చాలాసేపు చూసి, "తాతా, ఏం తింటుంది?" అని అడిగింది. చెప్పాను. "కళ్లు నేను పెడతా, నువ్వు ముట్టుకోకు" అన్నది. తల నీడన ఆరుతున్నది.