దస్తావేజును దిద్దరు

ఆళ్లగడ్డలో అయినా నంద్యాలలో అయినా, రిజిస్టరైన క్రయ దస్తావేజులో సర్వే నంబరు తప్పు పడితే పాతదాన్ని చెరిపి రాయరు. సవరణ దస్తావేజును కొత్తగా రిజిస్టరు చేస్తారు. ఎంత గొప్ప పద్ధతి! కోడు రాసేవాళ్లు దీన్ని చూడాలి, పాత విలువ మీద కొత్తది రాయడమే అక్కడ చిక్కు తెస్తుంది.

ఖాతాలో 1000 ఉందని ఒకే ప్రోగ్రాములో పక్కపక్కనే నడిచే రెండు థ్రెడ్లు ఒకేసారి చదివాయనుకుందాం. ఒకటి 200 కలిపి 1200 రాస్తుంది, మరొకటి 300 కలిపి దాని మీదే 1300 రాస్తుంది. 1500 ఉండాల్సిన చోట 200 మాయం. పరీక్షల్లో ఈ తప్పు చాలాసార్లు దొరకదు, అసలు బాధ అదే. 1985-87 మధ్య ఆరుగురు రోగులకు అతి మోతాదు రేడియేషన్ ఇచ్చిన థెరాక్-25 యంత్రంలో బయటపడ్డ లోపాల్లో ఇలాంటిదీ ఉంది.

టెలికాం సంస్థ ఎరిక్‌సన్‌లో పుట్టిన ఎర్లాంగ్ భాషలో ఒకసారి విలువ ఇచ్చిన వేరియబుల్ ఆ దస్తావేజులాగే మారదు. ప్రాసెస్‌లు సందేశాలు పంపుకుంటాయంతే. వాట్సాప్ సర్వర్లు నడిచేది దానిమీదే.