ఓటు లేనివాళ్ల ఎన్నిక

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్‌లో కుర్ర ఆటగాళ్ల ఎంపిక వేళ అభిమానులు చేసే వాదనలో ఎవరిది ఒప్పో తేలేది ఏళ్ల తర్వాతే. ఒప్పని తేలినవాళ్లకూ ఫలం దక్కుతుందన్న హామీ లేదు.

అమెరికా వాయవ్య మూలన ఉన్న పోర్ట్‌లాండ్ నగరానికి 2007 మే 22 నుంచి ఐదు వారాల పాటు ఒకటే ప్రశ్న. గ్రెగ్ ఓడెనా, కెవిన్ డురాంటా? రేడియో కార్యక్రమాలకు ఫోన్లు చేసే శ్రోతలకు, బీరు గ్లాసులు ముందు పెట్టుకుని కూర్చున్న మిత్రబృందాలకు, ఆఫీసుల్లో కాఫీ యంత్రం దగ్గర నిలబడ్డ సహోద్యోగులకు అంతకు మించిన విషయం లేదు. ఒకడికి 19 ఏళ్లు, మరొకడికి 18. వాళ్లలో ఎవరు తమ ఊరి జట్టు ట్రెయిల్ బ్లేజర్స్‌లోకి రావాలన్నదే తగువు. విచిత్రమేమిటంటే, అంత పట్టుదలగా వాదించుకున్న వాళ్లలో ఒక్కరికీ ఆ నిర్ణయంలో ఓటు లేదు.

ఐపీఎల్ వేలానికి అలవాటుపడిన మన పాఠకులకు ఈ తంతు కాస్త కొత్త. 2008లో జరిగిన తొలి ఐపీఎల్ వేలంలో ధోనీని చెన్నై 15 లక్షల డాలర్లకు, ఆండ్రూ సైమండ్స్‌ను హైదరాబాద్ జట్టు డెక్కన్ ఛార్జర్స్ 13.5 లక్షల డాలర్లకు పాడుకున్నాయి. ఎవరు ఎక్కువ పాడితే వాళ్లకే ఆటగాడు. ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో పాట ఉండదు, వరుస ఉంటుంది. ఆ వరుసలో కిందటేడు చిత్తుగా ఓడినవాళ్లు ముందుంటారు, గెలిచినవాళ్లు వెనక నిలబడతారు. ప్రపంచానికి మార్కెట్ పాఠాలు చెప్పే దేశం తన ఆటల దగ్గరికి వచ్చేసరికి రేషన్ దుకాణం పద్ధతి పాటిస్తుందన్నమాట. న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ లాంటి మహానగరాల డబ్బు, తళుకుబెళుకులు చిన్న ఊళ్లను మింగేయకుండా వేసిన కట్టడి అది. ముందు వరుస కోసం జట్లు కావాలనే ఓడుతున్నాయన్న ఆరోపణలు రావడంతో 1985 నుంచి లాటరీ కూడా పెట్టారు. ఇందులో కుర్రాడికి ఏ ఊరు వెళ్లాలో చెప్పే హక్కు లేదు. అభిమానికి ఏ కుర్రాడు కావాలో చెప్పే హక్కు లేదు. డ్రాఫ్ట్ వల్ల జీవితం ఎక్కువగా మారేది, ఆశ ఎక్కువగా పెంచుకునేది ఈ ఇద్దరే. నోరు లేనిదీ వీళ్లకే.

2007 లాటరీలో పోర్ట్‌లాండ్‌కు మొదటి స్థానం దక్కే అవకాశం 5.3 శాతమే. అయినా దక్కింది. 25 శాతం అవకాశమున్న మెంఫిస్ నాలుగో స్థానానికి జారింది. పోర్ట్‌లాండ్‌కు అది గాలివాటంగా తగిలిన అదృష్టమే గానీ, ఆకలి మాత్రం పాతది. ఆ ఊరికి ఉన్న ఒకే ఒక్క టైటిల్ 1977 నాటిది. ఆ ఏడాది మొదలుపెట్టి 1995 వరకు వరుసగా 814 మ్యాచ్‌లకు టికెట్లన్నీ అమ్ముడైన ఊరు అది. తర్వాతి కాలంలో కొందరు ఆటగాళ్లు కేసుల్లో ఇరుక్కోవడంతో జట్టు పేరును జైలుతో ముడిపెట్టి జనం వెక్కిరించారు. 2006లో లీగ్‌లో అందరికంటే అట్టడుగున నిలిచింది. అలాంటి ఇంటికి మంచి సంబంధం వచ్చింది.

ఆ ఐదు వారాల హడావిడి నిజంగానే పెళ్లిచూపులను తలపించింది. పొడవెంత, చేతులు చాచితే ఎంత, బరువెంత, నడవడిక ఎలాంటిది, పాత జబ్బులేమైనా ఉన్నాయా? ఓడెన్ ఏడడుగుల సెంటర్. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ తరఫున ఆడింది ఒక్క సీజనే. అందులో చాలా భాగం కుడి మణికట్టుకు ఆపరేషన్ అయిన స్థితిలోనే ఆడాడు. ఫ్రీత్రోలు ఎడమ చేత్తో వేశాడు. జాతీయ ఫైనల్‌లో జట్టు ఓడినా 25 పాయింట్లు, 12 రీబౌండ్లు సాధించాడు. డురాంట్ టెక్సాస్ యూనివర్సిటీ తరఫున మ్యాచ్‌కు సగటున 25.8 పాయింట్లు, 11.1 రీబౌండ్లు సాధించి మొదటి ఏడాదే దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడయ్యాడు. కానీ డ్రాఫ్ట్‌కు ముందు జరిపే పరీక్షల్లో 84 కిలోల బరువును బెంచ్‌ప్రెస్‌లో ఒక్కసారి కూడా ఎత్తలేకపోయాడు.

ఓడెన్ పక్షం వాదన బలంగానే ఉండేది. పాయింట్లు సాధించేవాళ్లు ప్రతి ఏడాదీ దొరుకుతారు, బుట్టకు కాపలా కాసే కొండలాంటి సెంటర్ తరానికొకడు వస్తాడు. పైగా జట్టులో బ్రాండన్ రాయ్, లామార్కస్ ఆల్డ్రిజ్ అప్పటికే ఉన్నారు. వాళ్ల మధ్య ఒక సెంటర్‌ను నిలబెడితే ఇల్లు పూర్తవుతుంది. డురాంట్ పక్షానిది ఒకే మాట: ఇలా బంతి వేసేవాడిని వదులుకుంటే జీవితాంతం ఏడవాలి. దానికి ఒక్క సంవత్సరం సాక్ష్యంగా చూపేవారు. 1984.

ఆ సంవత్సరం పోర్ట్‌లాండ్‌లో తిట్టుమాటతో సమానం. ఆనాటి డ్రాఫ్ట్‌లో హ్యూస్టన్ మొదట హకీమ్ ఒలాజువాన్‌ను తీసుకుంది. రెండో స్థానంలోని పోర్ట్‌లాండ్ ఏడడుగుల ఒక అంగుళం సెంటర్ శామ్ బౌవీని తీసుకుంది. మూడో స్థానంలోని షికాగోకు మైకేల్ జోర్డాన్ దొరికాడు. బౌవీ అయిదు సీజన్లలో పోర్ట్‌లాండ్‌కు ఆడింది 139 మ్యాచ్‌లు. జోర్డాన్ ఆరు టైటిళ్లు గెలిచాడు. అందులో 1992 నాటి టైటిల్ ఫైనల్‌లో పోర్ట్‌లాండ్‌నే ఓడించి గెలిచింది. గాయానికి ఇంతకంటే కారం రాసే పని చరిత్రకు చేతకాదు.

గతజల సేతుబంధనం సులువు. 1984లో పోర్ట్‌లాండ్ ఆలోచన మరీ తెలివితక్కువదేం కాదు. జోర్డాన్ ఆడే స్థానంలోనే ఆడే క్లైడ్ డ్రెక్స్‌లర్‌ను అంతకు ముందు ఏడాదే తీసుకుంది. జిమ్ పాక్సన్ కూడా ఉన్నాడు. ఆ ఊరికి 1977లో టైటిల్ తెచ్చిపెట్టింది 1974 డ్రాఫ్ట్‌లో వచ్చిన సెంటర్ బిల్ వాల్టన్. సెంటర్ వస్తే కప్పు వస్తుందన్నది పుస్తకాల్లో చదువుకున్న సిద్ధాంతం కాదు, కళ్లతో చూసిన అనుభవం. జోర్డాన్‌ను తీసుకున్న షికాగో జనరల్ మేనేజర్ రాడ్ థోర్న్ సైతం, అతను ఏడడుగులు ఉంటే బాగుండేదన్న ధోరణిలోనే ఆనాడు మాట్లాడారు. అభిమానులైనా, జట్టు పెద్దలైనా ముందుకు చూస్తున్నామనుకుంటూనే చివరిసారి గెలిచిన రోజు వైపు చూస్తారు. ఎన్నికల్లో ఓటర్లూ తరచూ చేసేది ఇదే.

2007 జూన్ 28న పోర్ట్‌లాండ్ ఓడెన్‌ను ఎంచుకుంది. సెప్టెంబర్‌లో అతని కుడి మోకాలికి ఆపరేషన్ జరిగింది. మొదటి సీజన్ మొత్తం పోయింది. 2009 డిసెంబర్‌లో ఎడమ మోకాలి చిప్ప విరిగింది. 2012 మార్చిలో జట్టు అతన్ని వదిలేసేనాటికి పోర్ట్‌లాండ్ తరఫున ఆడిన మ్యాచ్‌లు 82. అంటే దాదాపు ఐదేళ్లలో సరిగ్గా ఒక సీజన్‌కు సరిపడా. బ్రాండన్ రాయ్ మోకాళ్లు కూడా మొరాయించడంతో 2011లో ఆట మానేస్తున్నట్టు ప్రకటించాడు. పూర్తవుతుందనుకున్న ఇంటికి గోడలే నిలవలేదు. అటు డురాంట్ 2008లో ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. 2014లో లీగ్‌లోనే ఉత్తమ ఆటగాడయ్యాడు.

కథ ఇక్కడితో ఆపితే డురాంట్ పక్షం గెలిచినట్టు. చాలామంది ఇక్కడే ఆపుతారు కూడా. కానీ పోర్ట్‌లాండ్‌కు ఉత్తరాన సుమారు 280 కిలోమీటర్ల దూరంలో రెండో సగం ఉంది. డురాంట్‌ను తీసుకున్నది సియాటిల్. అంటే సరైన కుర్రాడు దొరికిన ఊరు. 1979లో టైటిల్ గెలిచిన సూపర్ సోనిక్స్ జట్టును 2006లో ఓక్లహామాకు చెందిన పెట్టుబడిదారుల బృందం కొనుక్కుంది. కొత్త స్టేడియానికి ప్రజాధనం ఇవ్వాలా వద్దా అన్న పేచీ తెగలేదు. 2008 ఏప్రిల్ 13న సొంతగడ్డపై జట్టు చివరి మ్యాచ్ ఆడింది. ఆ జులైలో 4.5 కోట్ల డాలర్ల ఒప్పందంతో నగరపాలక సంస్థ కోర్టు వివాదం ముగించుకుంది. జట్టు మూటాముల్లె సర్దుకుని ఓక్లహామా సిటీకి వెళ్లిపోయింది. సియాటిల్‌కు మిగిలింది జట్టు పేరు, రంగులు. డురాంట్ ఆ ఊరివాడిగా ఆడింది ఒక్క ఏడాది. 2016లో ఓక్లహామా నుంచి కూడా గోల్డెన్ స్టేట్‌కు వెళ్లి, 2017, 2018లో అక్కడ టైటిళ్లు గెలిచాడు.

ఇక ఆ లాటరీలో అయిదో స్థానానికి జారి ఉసూరుమన్న బోస్టన్ అభిమానుల సంగతి. వాళ్ల జట్టు ఆ అయిదో ఎంపికను సియాటిల్‌కే ఇచ్చి అనుభవజ్ఞుడు రే అలెన్‌ను తెచ్చుకుంది. ఆ తర్వాత మిన్నెసోటా నుంచి కెవిన్ గార్నెట్‌ను రప్పించింది. ఏడాది తిరిగేసరికి 2008 టైటిల్ బోస్టన్‌ది. ఓడెన్ రాలేదు, డురాంట్ రాలేదు, కప్పు వచ్చింది.

ఈ మూడు ఊళ్ల కథను పక్కపక్కన పెట్టి చూస్తే ఐదు వారాల వాదనలో ఏం లోపించిందో కనబడుతుంది. ఎవరిని తీసుకోవాలని అందరూ అడిగారు. జట్టు ఎవరిదని అడిగినవాళ్లు తక్కువ. అభిమాని మా జట్టు అంటాడు. కాగితం మీద అది యజమానిది. స్టేడియం కట్టడానికి పన్నులు కట్టమన్నప్పుడు జట్టు ఊరందరిది. అమ్మేటప్పుడు మాత్రం సంతకం పెట్టేవాడిది. పోర్ట్‌లాండ్ రెండుసార్లు తప్పు కుర్రాడిని ఎంచుకుని కూడా జట్టును నిలబెట్టుకుంది. సియాటిల్ ఒప్పు కుర్రాడిని ఎంచుకుని జట్టునే పోగొట్టుకుంది. ఈ రెంటిలో పెద్ద నష్టం ఏదో సియాటిల్ అభిమానిని అడిగితే తడుముకోకుండా చెబుతాడు.

లోపించిన రెండో ప్రశ్న కుర్రాడి గురించి. 2012లో వచ్చిన ఒక డాక్యుమెంటరీలో శామ్ బౌవీ ఒక సంగతి బయటపెట్టాడు. 1984లో పోర్ట్‌లాండ్ వైద్యులు పరీక్ష చేస్తూ కాలి ఎముక మీద తట్టినప్పుడు నొప్పి పుట్టిందట. అయినా లేదని చెప్పాడట. దాన్ని అబద్ధమని కొట్టిపారేయడం తేలికే. అయితే కాలేజీలో కాలి ఎముక విరిగి రెండు సీజన్లు ఆటకు దూరమైన కుర్రాడికి, తనవాళ్ల బతుకు తన కాళ్ల మీదే ఉందని తెలిసినవాడికి, అవునని చెప్పే వెసులుబాటు ఎంత? ఓడెన్ కూడా తర్వాత తన కుంగుబాటు గురించి, తాగుడు గురించి దాచకుండా మాట్లాడాడు. మళ్లీ ఒహాయో స్టేట్‌కు వెళ్లి 2019లో డిగ్రీ పూర్తి చేశాడు. అతన్ని డ్రాఫ్ట్ చరిత్రలో ఘోర వైఫల్యాల జాబితాలో చేర్చేవాళ్లు ఆ డిగ్రీ ఊసెత్తరు. మోకాలు విరగడం వైఫల్యం ఎలా అవుతుందో కూడా చెప్పరు.

మన దేశానికీ ఇందులో ఒక పేరుంది. పంజాబ్‌లోని బర్నాలా జిల్లా బల్లో కే గ్రామానికి చెందిన సత్నామ్ సింగ్ 14 ఏళ్లకే ఫ్లోరిడాలోని శిక్షణ అకాడమీకి వెళ్లాడు. 2015 డ్రాఫ్ట్‌లో 52వ స్థానంలో డల్లాస్ మావరిక్స్ అతన్ని ఎంచుకుంది. భారత్‌లో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన తొలి ఆటగాడు అతనే. పత్రికలు పండగ చేసుకున్నాయి. ఎన్‌బీఏ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే ఆ అధ్యాయం ముగిసింది. తర్వాత ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లోకి వెళ్లాడు. ఎంపికైన రాత్రి వార్త. ఆ తర్వాతిదంతా కుర్రాడు ఒంటరిగా ఈదాల్సిన ఏరు.

అలాగని ఈ వాదనలు దండగని తేల్చేయడం సరికాదు. నిపుణులకు మాత్రం ఏం తెలిసింది? 2014లో నికోలా యోకిచ్‌ను డెన్వర్ 41వ స్థానంలో ఎంచుకున్నప్పుడు టీవీలో ఒక ఫాస్ట్‌ఫుడ్ ప్రకటన నడుస్తోంది. అతను ఆ తర్వాత మూడుసార్లు లీగ్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు. జట్టు చరిత్రలోనే అత్యధిక పాయింట్లు చేసి పోర్ట్‌లాండ్ గుండెల్లో గూడు కట్టుకున్న డేమియన్ లిలార్డ్ 2012లో ఆరో ఎంపికగా వచ్చాడు. వచ్చింది వీబర్ స్టేట్ అనే చిన్న కాలేజీ నుంచి. ఓడెనా, డురాంటా అని ఊరు రెండుగా చీలినట్టు అతని కోసం ఎవరూ చీలలేదు. లక్షల డాలర్ల జీతాలు తీసుకునే స్కౌట్లు తప్పులో కాలేసే చోట, జీతం లేని అభిమానికి కాలేసే హక్కు లేకపోవడమేమిటి?

పైగా ఆ వాదన వల్ల జరిగే మేలు కప్పుతో కొలిచేది కాదు. పక్కింటివాడి పేరు తెలియని నగరాల్లో, ఒకే విషయం మీద ముక్కూమొహం తెలియనివాళ్లు అరగంట పోట్లాడుకుని, చివరికి నవ్వుకుని విడిపోయే సందర్భాలు ఎన్ని మిగిలాయి? పార్టీ, మతం, రంగు అడగకుండా మాట కలిపే వేదిక అది. కాకపోతే ఆ వేదిక మీద మరో రెండు ప్రశ్నలకు కూడా చోటివ్వాలి. ఈ జట్టు రేపు కూడా ఇక్కడే ఉంటుందా? ఆ కుర్రాడి మోకాలు విరిగితే అతని పక్కన ఎవరుంటారు?

2025 జూన్‌లో పోర్ట్‌లాండ్ 16వ ఎంపికగా చైనా కుర్రాడు యాంగ్ హాన్సెన్‌ను తీసుకుంది. చాలామంది పండితులు అతన్ని రెండో రౌండ్‌కు మించి లెక్కపెట్టలేదు. ఏడడుగుల ఒక అంగుళం. సెంటర్. శామ్ బౌవీది సరిగ్గా అదే ఎత్తు అని గుర్తు చేయడానికి ఆ ఊళ్లో ఎవరికీ రికార్డు పుస్తకం అక్కర్లేదు.