రేకు పట్టుకున్న పిల్లగాడు

అర్ధరాత్రి దాటాక కళ్ళకు తడి తువ్వాల అడ్డం పెట్టుకుని, ఎవరో రెక్క పట్టి నడిపిస్తే వచ్చే మనిషిని నేను ఎక్కువ ప్రశ్నలు అడగను. "పొద్దున వెల్డింగ్ కాడ ఉన్నవా?" అంటే చాలు. నిజామాబాద్‌లో కంటి వైద్యం చేసేవాళ్ళెవరికైనా బాగా తెలిసిన జబ్బే ఇది. నాట్లకు ముందు ట్రాక్టర్ కేజీ వీల్స్‌కు అతుకులు వేయించే రోజుల్లో, కోతలకు ముందు హార్వెస్టర్లు రిపేరుకొచ్చే రోజుల్లో బోధన్, వర్ని, కోటగిరి వైపు నుంచి మరీ ఎక్కువగా వస్తారు.

"కండ్లల్ల ఇసుక పోసినట్టున్నది సార్" అంటారు అందరూ. పసుపు రంగు మందు చుక్క వేసి నీలి వెలుతురులో చూస్తే నల్లగుడ్డు మీద సన్నని ఆకుపచ్చ చుక్కలు గుంపుగా కనిపిస్తాయి. అతినీలలోహిత కిరణాలకు పైపొర కణాలు చచ్చిన చోట్లవి. కిరణాలు తగిలింది పగలే అయినా ఆ కణాలు రాలి, నరాల కొసలు బయటపడి మంట మొదలయ్యేసరికి సాధారణంగా ఆరు నుంచి పన్నెండు గంటలు పడుతుంది. ఈలోపు ఇంట్లో ఆలుగడ్డ ముక్కలు, చనుబాలు అన్నీ అయిపోతాయి. తిమ్మిరి చుక్క వేయగానే కళ్ళు తెరిచి, ఆ సీసా ఇంటికిమ్మని బతిమాలతారు. ఇవ్వను. పదేపదే వేస్తే అది గాయాన్ని మాననివ్వదు, చూపుకే ముప్పు తెస్తుంది. ఆయింట్‌మెంటు, నొప్పి మాత్ర, చీకటి గది ఉంటే చాలు. ఒకటి రెండు రోజుల్లో పొర మళ్ళీ కమ్ముకుంటుంది.

ఆ వెలుగు ఎలా పుడుతుందో చూడాలని వెల్డింగ్ షాపులకు వెళ్ళి కూర్చునేవాణ్ణి. మిషన్ చేసే పని సులువుగానే అర్థమవుతుంది. లైన్‌లో వచ్చే 230 లేదా 415 వోల్టులను 80 లోపుకి దించి, బదులుగా ఆంపియర్లను వందా నూటయాభైకి పెంచుతుంది. ఒక కేబుల్ పనిముక్కకు ఎర్త్ క్లాంపుతో, రెండోది హోల్డర్‌లోని రాడ్డుకు. రాడ్డు కొస ఇనుము మీద గీసి రెండు మూడు మిల్లీమీటర్లు పైకెత్తితే, ఆ సందులో గాలే కరెంటు మోస్తుంది. అక్కడి వేడి ఐదారు వేల డిగ్రీలు. సూర్యుడి ఉపరితలం కూడా ఇంచుమించు అంతే. కాకపోతే సూర్యుడికీ మనకూ మధ్య ఓజోన్ పొర ఉంది, రాడ్డుకూ, అతికే రేకు పట్టుకున్నవాడికీ మధ్య మూరెడు గాలి తప్ప ఏమీ లేదు.

రాడ్డు మీది పూత 1904లో స్వీడన్‌లో ఆస్కార్ షెల్‌బర్గ్ ఆలోచన. పూత కాలి వచ్చే వాయువు కరిగిన ఇనుమును గాలి నుంచి కాపాడుతుంది, మిగిలినది చిట్టెంగా పైన గడ్డకడుతుంది. మొహానికి అడ్డం పెట్టుకునే నల్ల అద్దం పక్కన పెట్టి సుత్తితో ఆ చిట్టెం కొట్టేటప్పుడే వేడి పెచ్చులు కళ్ళలో పడతాయి. అవి తీయడం నాకు నిత్యకృత్యం.

పాత ట్రాన్స్‌ఫార్మర్ మిషన్ ఇద్దరు మోస్తేగాని కదిలేది కాదు. ఇప్పటి ఇన్వర్టర్ కరెంటును ముందు డీసీ చేసి, సెకనుకు వేలసార్లు తెంచి అతుకుతుంది కాబట్టి లోపలి ట్రాన్స్‌ఫార్మర్ చిన్నదైపోయింది. మిషన్ బండి మీద ఇంటి గేటు దాకా వస్తోంది. దాంతోపాటు ఈ నొప్పి కూడా షాపు దాటి ఇళ్ళకు చేరింది. చుట్టూ మూగి చూసే పిల్లలను ఎవరూ లోపలికి పొమ్మనరు.

షక్కర్‌నగర్‌లో 1937లో మొదలై 2015 డిసెంబరులో మూతపడ్డ నిజాం షుగర్స్ ఉన్న నేల ఇది. చక్కెర మిల్లుల్లో పనిచేసిన ఒక పెద్దమనిషి శుక్లాల ఆపరేషన్‌కు వచ్చి రోలర్ ఆర్సింగ్ గురించి చెప్పాడు. చెరకు జారకుండా పట్టాలంటే రోలర్ పళ్ళు గరుకుగా ఉండాలి. అందుకని మిల్లు తిరుగుతుండగానే పళ్ళ మీద రాడ్డుతో లోహం బొట్లు బొట్లుగా వేస్తారు. కింద రసం, పైన నీళ్ళు, ఒళ్ళంతా చెమట. తడి ఒంటికి ఆ 80 వోల్టులే ప్రాణం తీయగలవు. ఆయన చెక్క పలక మీద నిలబడి ఏళ్ళతరబడి ఆ పని చేశాడు. అలాంటి చేతుల పనితనమే ఈ జిల్లా మనుషులను దుబాయ్, మస్కట్ సైట్లకు తీసుకెళ్ళింది.

ఇంకొకాయన చలిజ్వరంతో వచ్చాడు. మలేరియా, డెంగీ రెండూ లేవు. మూసిన షెడ్డులో జింక్ పూత ఉన్న జీఐ పైపులు అతికాడట. జింక్ పొగ జ్వరం, మర్నాటికి దిగింది. పాలు తాగితే పొగ పోతుందని షాపుల్లో గట్టి నమ్మకం. పోదు. పొగ మొహానికి రాకుండా గాలివాటు చూసుకుని నిలబడాలి. వెల్డింగ్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2017లో తేల్చింది.

ఇన్నేళ్ళలో నన్ను అన్నిటికంటే బాధపెట్టింది మాత్రం రేకు పట్టుకునేవాళ్ళ సంగతి. షాపులో అద్దం ఒకటే, అది రాడ్డు పట్టినవాడి చేతిలో ఉంటుంది. పదో తరగతి పరీక్షలు రాసి పనికి కుదిరిన పిల్లగాణ్ణి రాత్రి తీసుకొచ్చారు. టాకాలు, అంటే చిన్న చిన్న అతుకులు, వేసేటప్పుడు రేకు కదలకుండా పట్టుకున్నాడు. "కండ్లు మూసుకోరా" అన్నాడట ఉస్తాద్. ఎప్పుడు మూయాలో, ఎప్పుడు తెరవాలో వాడికెలా తెలుస్తుంది? ఒక్కో టాకా క్షణమే, కానీ దెబ్బలన్నీ కలుస్తాయి. తల తిప్పుకున్నా తెల్లగోడ మీంచి కొంత వెలుగు వస్తుంది. మామూలు నల్లకళ్ళద్దాలు దాన్ని ఆపలేవు.

రెండోరోజు చూపించుకోవడానికి ఉస్తాదే వెంట వచ్చాడు. చీటీ మీద 11 నంబరు అద్దం అని రాసిచ్చాను.

"ఇద్దరికీ ఒకటే నంబరా సార్?"

"ఒకటే. రెండు కొను."