తాత వాచీకి ఆనాటి చైను



పోస్టు కొంచెం పెద్దది, తీరిగ్గా చదవండి. పాత వాచీకి దాని కాలం నాటి చైను వెతకడం గురించి రాస్తున్నాం. ట్రంకు పెట్టె అడుగున ఇలాంటి వాచీ మీలో చాలామంది ఇళ్ళల్లో ఉండే ఉంటుంది. అందుకే రాయాలనిపించింది.

మేం అంటే ఒక అక్క, ఇద్దరు తమ్ముళ్ళు. మాది భద్రాచలం ఏజెన్సీ, కోయ కుటుంబం. మా తాత ఆశ్రమ పాఠశాలలో వంట మనిషిగా చేశాడు. ఉద్యోగం పర్మినెంటు అయ్యాక 1978లో ఒక హెచ్‌ఎంటీ జనతా కొనుక్కున్నాడు. రోజూ పొద్దున్నే కీ ఇవ్వాల్సిన వాచీ. డయల్ మీద 'జనతా' అని హిందీ అక్షరాలు ఉంటాయి. తాతకి తెలుగే కూడబలుక్కుని చదవడం వచ్చు, హిందీ రాదు. అయినా ఆ మూడక్షరాలు మాత్రం బొగ్గు ముక్కతో గోడ మీద గీసి చూపించేవాడు. పిల్లలకి టైముకి అన్నం పెట్టాలి, పొద్దున టైముకి పొయ్యి అంటించాలి. ఆయనకి వాచీ సోకు కాదు, పనిముట్టు.

హెచ్‌ఎంటీ వాళ్ళు 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో వాచీలు మొదలుపెట్టారు. జనతా 17 జ్యువెల్స్ మిషన్, బ్యాటరీ లేదు, గట్టి పిండం. చివరికి 2016 జనవరిలో కేంద్ర ప్రభుత్వం హెచ్‌ఎంటీ వాచెస్ కంపెనీ మూసివేతకి ఆమోదం తెలిపింది. ఇప్పుడు మన దగ్గరున్న పాత వాచీకి పాత సామాను కావాలంటే పాత బజార్లలో వెతుక్కోవాల్సిందే.

తాత 2011లో పోయాడు. వాచీ ఆగిపోయి ఉంటే మొన్నామధ్య ఒక షాపులో బాగుచేయించాం. మిషన్ బాగానే చేశారు. కానీ తుప్పుపట్టిందని చైను తీసి పారేసి, కొత్త తోలు బెల్టు వేసి ఇచ్చారు. అడిగితే "ఆ చైను ఎందుకు పనికొస్తుంది, బెల్టు ఫ్రీగా వేశాం కదా" అన్నారు.

నాయనమ్మకి ఇప్పుడు చూపు సరిగా ఆనదు. వాచీ చేతిలో పెడితే వేళ్ళతో తడిమింది. బెల్టు తగలగానే "ఇది మీ తాతది కాదురా" అని వెనక్కి ఇచ్చేసింది. అదే వాచీ నాయనమ్మా అని ముగ్గురం ఎంత చెప్పినా నమ్మలేదు. అక్కడి నుంచి మొదలైంది మా వెతుకులాట.

వాచీలు సేకరించేవాళ్ళ భాషలో దీన్ని 'పీరియడ్ కరెక్ట్' అంటారు. అసలుతో వచ్చిన చైనే దొరక్కపోయినా, ఆ కాలంలో ఆ రకం వాచీకి జనం నిజంగా వేసుకున్న రకం చైను వేయడం అనమాట. మరి తాత చైను ఏ రకం? బిల్లు లేదు, వారంటీ కార్డు లేదు. నెట్‌లో చూస్తే జనతాకి ఎక్కువగా తోలు బెల్టే కనిపిస్తుంది. ఆ లెక్కన షాపు వాళ్ళు వేసిందే కరెక్టు అనాలి. కానీ తాత చేతికి ఉన్నది అది కాదు.

ఉన్న ఆధారాలు ఒక్కొక్కటే ముందు పెట్టుకున్నాం.

ఒకటి, 1986లో స్కూల్లో తీసిన గ్రూప్ ఫోటో. తాత వెనక వరసలో చివరన ఉన్నాడు. మణికట్టు మీద తెల్లగా మెరుస్తోంది. స్టీల్ అని తెలుస్తోంది, అంతకంటే ఏమీ తెలియదు.

రెండు, వాచీయే. బెల్టు పట్టుకునే నాలుగు కొమ్ముల లోపలి వైపు లెన్సు పెట్టి చూస్తే అడ్డంగా సన్నటి గీతలు, ఒక దగ్గర కొంచెం అరిగిన గుంట. మెత్తటి తోలు స్టీలుని అలా కోయదు. చైను చివరి ముక్క ఏళ్ళ తరబడి రాసుకుంటే పడే గీతలవి. కొమ్ముల మధ్య కొలిస్తే 18 మిల్లీమీటర్లు.

మూడు, నాయనమ్మ మాట. "పిండి కలిపేటప్పుడు వాచీ తీసేవాడు కాదు, మోచేతి దాకా పైకి తోసుకునేవాడు. వెంట్రుకలు పీకుతోందని దాన్ని తిట్టేవాడు" అంది. ఈ ఒక్క మాటతో చిక్కు విడిపోయింది. తోలు బెల్టుని మోచేతి దాకా తోయలేం. కొక్కెం పెట్టుకునే చైనునీ తోయలేం. సాగేది, వెంట్రుకలు పీకేది స్ప్రింగ్ చైను ఒక్కటే. లోపల చిన్న చిన్న స్ప్రింగులు, పైన రేకు ముక్కలు, లాగితే సాగి వదిలితే బిగుస్తుంది. అమెరికాలో స్పైడెల్ కంపెనీ 1959లో తెచ్చిన ట్విస్ట్-ఓ-ఫ్లెక్స్‌తో ఈ రకానికి బాగా పేరొచ్చింది. పొయ్యి దగ్గర చెమట, నీళ్ళు, నూనె మధ్య తోలు కుళ్ళిపోతుంది కాబట్టి తాత దీన్ని ఎంచుకుని ఉంటాడు.

భద్రాచలంలో అడిగితే అన్నీ కొత్తవి, తళతళలాడేవి, వెడల్పువి చూపించారు. హైదరాబాద్‌లో చదువుకుంటున్నాం కాబట్టి ఎర్రగడ్డ ఆదివారం సంతకి, పురానాపూల్ దగ్గర జుమ్మేరాత్ బజారుకి తిరిగాం. గుట్టలుగా పోసిన పాత చైన్లలో మూడు రకాలు కనిపించాయి. చేతికి బరువుగా తగిలే దళసరి ముక్కలవి, ఇవి ఈమధ్యవి. రేకు మడిచి చేసిన తేలికపాటివి, ఊపితే గలగలమంటాయి, ఇవి పాతకాలానివే గానీ కొక్కెం రకం. మూడోది మాకు కావాల్సిన స్ప్రింగ్ రకం. వాటిలో సగం బంగారు పూత పోయి ఇత్తడి బయటపడినవే.

అక్కడే ఒక ముసలాయన గొడుగు కింద కూర్చుని వాచీలు బాగుచేస్తున్నాడు. "చాచా, జనతాకి స్ప్రింగ్ చైను కావాలి" అంటే లెన్సు తీసి మా మొహాలు చూసి నవ్వాడు. "అందరూ అది తీసేసి బెల్టు వెయ్యమంటరు, మీరేంది బేటా" అన్నాడు. మేం చెప్పింది విని డబ్బాలోంచి ఐదారు తీశాడు. చివరి ముక్క వంపుగా కాకుండా తిన్నగా ఉన్నది, 18కి పట్టేది ఒకటి ఏరాడు. రెండు ముక్కల్లో స్ప్రింగులు చచ్చిపోయి ఉంటే వేరే చైను నుంచి తీసి మార్చాడు. తీసుకున్నది 150 రూపాయలు. చైను స్టీలేనా అని మా తమ్ముడు జేబులోంచి అయస్కాంతం తీయబోతే చాచా వెంటనే వాచీని దూరంగా జరిపాడు. అయస్కాంతం దగ్గరికొస్తే లోపలి హెయిర్ స్ప్రింగ్ చుట్లు అతుక్కుని టైము ముందుకి పరిగెడుతుంది. మీరు కూడా గుర్తుపెట్టుకోండి, చైనుకి ఏ పరీక్ష చేసినా వాచీ నుంచి విప్పి చెయ్యాలి. కడగడం కూడా అంతే. విడిగా గోరువెచ్చని సబ్బు నీళ్ళలో నానబెట్టి పాత టూత్ బ్రష్‌తో రుద్దాం. నీళ్ళు నల్లగా వచ్చాయి. ఎవరి చెమటో, ఎన్నేళ్ళ కష్టమో.

దీపావళి సెలవులకి ఊరెళ్ళి నాయనమ్మ చేతిలో పెట్టాం. వాచీ తాతదే, చైను మాత్రం బజార్లో కొన్నదని ముందే చెప్పాం. ఆమె దగ్గర అబద్ధం ఆడబుద్ధి కాలేదు. చైను రెండుసార్లు లాగి వదిలింది. తన చేతికే తొడుక్కుని మోచేతి వైపు తోసి చూసింది. "ఈ గొలుసు ఆయనది కాదు. కానీ ఇట్లాంటిదే" అంది. వాచీ వెనక్కి ఇవ్వలేదు. ఇప్పుడు ఆమె దగ్గరే ఉంది, రోజూ తనే కీ ఇస్తోంది.

ఈ మధ్య అటవీ హక్కుల చట్టం చదువుతుంటే ఒకటి గమనించాం. ఆ చట్టం నియమాల్లో 13వ నియమం కింద భూమి హక్కుకి కాగితాలొక్కటే కాదు, పెద్దవాళ్ళు చెప్పిన మాటని రాతలో పెట్టినా సాక్ష్యమే. నేల మీద ఉన్న ఇల్లు, గుడిసె, చేసిన పనుల గుర్తులు కూడా సాక్ష్యమే. ఒకటి కాకుండా ఒకటి కంటే ఎక్కువ ఆధారాలు చూపించాలి. వాచీ విషయంలో మేం చేసిందీ అదే. ముసలమ్మ మాట, స్టీలు మీద గీతలు, ఒక ఫోటో, మూడూ ఒక్కటే చెప్పాయి. కాగితం లేదంటే చరిత్ర లేదని కాదు. అడిగేవాళ్ళు ఉండాలి, అడగడానికి ఆ పెద్దవాళ్ళు ఇంకా ఉండాలి.

అందుకని మా మాట ఇది. పాత వాచీ రిపేరుకి ఇచ్చేటప్పుడు చైను విప్పి మీ దగ్గరే ఉంచుకోండి, తుప్పుపట్టినా సరే. కొమ్ముల లోపలి గీతలు పాలిష్ పెట్టించకండి. సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు ఆ వస్తువు ఎవరిది, ఎలా వాడేవారు అని పెద్దవాళ్ళని అడిగి, తారీకు వేసి రాసిపెట్టుకోండి. స్ప్రింగ్ చైను కావాల్సినవాళ్ళు ఉంటే చెప్పండి, ఈ గురువారం బజారుకి కలిసి వెళ్దాం.