సలాబత్‌పురా మగ్గముల నడుమ తెలుగు మాట

సూరత్ నగరమందలి విశ్వవిద్యాలయము ఒక నిఘంటుకర్త పేరు ధరించియున్నది. 1965లో దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయముగా ఏర్పడిన ఆ సంస్థకు 2004లో వీర నర్మద్ నామము చేర్చబడెను. నర్మద్ (1833–1886) ఆ ఊరివాడే. కవిగా ప్రసిద్ధుడయ్యును, పెక్కేండ్లు శ్రమించి ‘నర్మకోశ్’ను 1873లో సంపూర్ణముగా ప్రకటించెను. పండిత పరిషత్తులు చేయవలసిన పనిని ఒక్కడు తలకెత్తుకొనుట సామాన్యము కాదు.

ఉధ్నా–మగదల్లా మార్గముననున్న ఆ విద్యాప్రాంగణమునందే ఐ. పి. దేశాయి 1969లో నెలకొల్పిన సామాజికాధ్యయన కేంద్రమును కలదు. అచ్చటినుండి నగరములోనికి వచ్చినచో సలాబత్‌పురా. నేత, జరీ, కుట్టుపని, బట్టల బేరము అచ్చటి జీవనము. ఈ నేతనగరమునకు కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ జిల్లాలనుండి పద్మశాలి కుటుంబములు తరలివచ్చినవి. నగరపాలక సంస్థ బడులలో తెలుగు మాధ్యమమునకును చోటు లభించినది. దక్షిణ గుజరాతు కార్మికులను గూర్చి యాన్ బ్రేమన్ వంటి సమాజశాస్త్రజ్ఞులు దశాబ్దముల తరబడి పరిశోధించిరి. కూలి యెంతయో, పని గంటలెన్నియో వారు లెక్కించిరి. ఏ మాటలతో ఆ పని సాగుచున్నదో తెలుపవలసిన వంతు తెలుగు శాఖలది.

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి పక్షమున భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున వెలువడిన మాండలిక వృత్తి పదకోశమున మొదటి సంపుటము (1962) వ్యవసాయమునకు, రెండవది (1971) చేనేతకు సంబంధించినవి. వృత్తివారి నోటినుండియే పదములను సేకరించిన ఆ పద్ధతి నేటికిని ఆదర్శప్రాయము. అయితే ఆ సేకరణకు రాష్ట్రపు ఎల్లలే ఎల్లలు. పడుగు, పేక, నాడె, కండె, ఆసు అను మాటలను మూటగట్టుకొని ఎల్ల దాటిన నేతగాని వెంట ఆ కోశము పోలేదు.

ఎల్ల దాటిన మాట ఏమగును? సిరిసిల్లలో మరమగ్గమును ‘సాంచా’ అందురు. హిందీలో ఆ మాటకు అచ్చు అని అర్థము. గుజరాతీలో ‘సంచో’ అనగా యంత్రము. (తెలుగున ‘అచ్చు’ మగ్గపు ఉపకరణమునకును పేరగుట వేరొక ముచ్చట.) భివండి, సూరత్ నగరములలో పనిచేసినవారి రాకపోకలతోనే ఈ పదము సిరిసిల్లకు చేరినదనుట సహజము. అనగా వలస వెళ్లినవాడు మాటలు పోగొట్టుకొనుటయే కాదు, తెచ్చుటయు కలదు. దీనికి ప్రతిగా ‘ఆసు’ను చూడవలెను. చింతకింది మల్లేశము 1999లో నిర్మించిన యంత్రమునకు ఆ పాత పేరే నిలిచినది. యంత్రము రాగానే మాట చచ్చునన్న వాదము సగమే నిజము. యంత్రమును చేసినవారి భాష యేదో దానినిబట్టి పేరు నిలుచును.

సూరత్‌లో ఈ పదములను సేకరించుట సులభము కాదు. ఖాతా అని పిలువబడు ఆ మగ్గపుశాలలో చప్పుడు మిన్నుముట్టును. పనివారు సైగలతోను పెదవుల కదలికతోను మాటాడుకొందురు. ధ్వనిముద్రణ యంత్రము అచ్చట నిష్ప్రయోజనము. పాళీ పండ్రెండు గంటలు. కూలి నేసిన బట్ట కొలతనుబట్టి. పరిశోధకుడు అడుగు ఒక్కొక్క ప్రశ్నకు నేతగాడు తన కూలిలోనుండియే వెల చెల్లించవలసివచ్చును. ప్రశ్నావళులు సిద్ధపరచు విశ్వవిద్యాలయములు ఈ వెలను లెక్కలో వేయుట అరుదు. చిన్ననాట గుంటమగ్గముపై కూర్చుండి, పిదప సాంచాలకు మారిన పెద్దలు మాత్రమే రెండు పదజాలములను ఎరిగినవారు. వారి పిల్లలకు పడుగు తానా అయినది. మనుమలకు మగ్గమే లేదు.

దీపావళికి ఖాతాలు మూతపడును. సూరత్ నేతపేటలలో తీరికగా మాట వినబడునది ఆ కొలది దినములే. విశ్వవిద్యాలయములకును సెలవులు అప్పుడే.