గరుకు కాగితానికో జిగురు కథ

షూటింగ్ చూసినవాళ్లకి తెలిసే ఉంటుంది. ఫ్లోరు మీద చిన్న చిన్న టేపు ముక్కలు అంటించి ఉంటాయి. హీరోగారు నడిచొచ్చి సరిగ్గా ఆ గుర్తు మీదే ఆగాలి. ఓ అడుగు అటైనా ఇటైనా ఫోకస్ గోవిందా! ఆ రకం టేపుని కనిపెట్టిందెవరో తెలుసా? గరుకు కాగితం తయారుచేసే కంపెనీలో ఓ కుర్రాడు. పేరు రిచర్డ్ డ్రూ. అమెరికాలో త్రీ ఎమ్ కంపెనీ ఉద్యోగి. కార్లకి రంగులేసే షెడ్లకి గరుకు కాగితం నమూనాలు పట్టుకెళ్లేవాడు. రెండు రంగులు కలిసే చోట పెయింటర్లు పడే అవస్థ చూసి, 1925లో మాస్కింగ్ టేపు తయారుచేశాడు.

అంటే ఆ టేపు పుట్టింది గరుకు కాగితం కంపెనీలోనే. నాకేమో ఆ రెండూ కలిసిన సరుకు కావాలి... వెనకవైపు జిగురున్న గరుకు కాగితం! ఎందుకంటారా? నాన్నగారి హార్మోనియం కోసం.

నాన్నగారు పౌరాణిక నాటకాలకి హార్మోనియం వాయించేవారు. ఆయన పోయాక పెట్టె అటకెక్కింది. మొన్న దించి బెలోస్ ఆడిస్తే, ఏ మెట్టూ నొక్కకుండానే మూడు స్వరాలు కూనిరాగాలు తీస్తున్నాయి. ప్రతి మెట్టు కిందా గాలి రంధ్రాన్ని మూసే సన్నటి చెక్కపట్టీ ఉంటుంది, దాని అడుగున మెత్తటి తోలు. తోలు ఎండిపోయినా, చెక్క వంగినా గాలి కారుతుంది. తోలు మార్చడం తేలికే. చెక్కని చదును చెయ్యడమే అసలు పరీక్ష.

నున్నగా ఉండడం వేరు, చదునుగా ఉండడం వేరు. కాగితం చేత్తో పట్టుకుని రుద్దితే చెక్క అద్దంలా మెరుస్తుంది గానీ అంచులు గుండ్రమవుతాయి. పోనీ బల్ల మీద కాగితం ఊరికే పరిచి రుద్దుదామా? చెక్క ముందు కాగితం అలలా లేస్తుంది, మళ్లీ అంచులకే దెబ్బ. కాగితం కదలకూడదు.

రాణీగంజ్‌లో నాలుగు షాపులు తిరిగాను. మిషన్లకి పెట్టుకునే వెల్క్రో బిళ్లలు చూపించారు. అవి నాకు పనికిరావు, కింద మెత్త ఉంటుంది. స్టిక్కరు రకం కావాలంటే పెద్ద రోలు కొనమన్నారు. నాలుగు వేళ్లంత పట్టీకి రోలెందుకు? ఇంట్లోనే చేసేశాను.

పాత టీపాయి అద్దం, మామూలు గరుకు కాగితం, చెప్పులకి వాడే పసుపు రబ్బరు జిగురు. తెల్ల జిగురు వద్దు, అందులో నీళ్లుంటాయి, కాగితం ముడుచుకుపోతుంది. రబ్బరు జిగురుని అద్దానికీ కాగితం వెనక్కీ పల్చగా రాసి, పది పదిహేను నిమిషాలు ఆరనివ్వాలి. వేలికి అంటని దశలో రెంటినీ కలిపి అప్పడాల కర్రతో ఒత్తాలి. కిటికీలు తెరిచి పెట్టండి, దగ్గర్లో పొయ్యి వెలిగించకండి. కాగితం అరిగిపోయాక హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి మూల నుంచి లాగితే వచ్చేస్తుంది. ఈ హైరానా వద్దనుకుంటే పల్చటి డబుల్ సైడ్ టేపు చాలు. స్పాంజి టేపు మాత్రం కాదు.

అన్నట్టు, రెండు చెక్కలకి గరుకు కాగితం అంటించి లయగా రుద్దితే ఆవిరి రైలు వస్తుంది! పాతకాలపు నాటకాల్లో, రేడియోలో చేసిన చిట్కా ఇది. నేనూ రుద్ది చూశాను. పక్కింటి పిల్లాడు టికెట్ అడిగాడు.

సరే... పట్టీ అడుగున పెన్సిల్‌తో అడ్డంగా నిలువుగా గీతలు గీసి, ముందు 120 నంబరు మీద, తర్వాత 220 మీద తోశాను. గీతలన్నీ ఒకేసారి మాయమయ్యాయంటే చదునైనట్టు. రెండు చివర్లా గీతలు మిగిలి మధ్యలోవే పోతుంటే తెలిసింది ఎంత వంగిందో.

అమ్మకిప్పుడు చూపు సరిగా ఆనడం లేదు గానీ చెవులు అమోఘం. కొత్త తోలు వేసి, పెట్టె బిగించి, బెలోస్ ఆడించాను. మెట్ల జోలికి పోలేదు. అమ్మ కాసేపు తల వంచుకుని విన్నది.

"రెండు నోరు మూసుకున్నాయి. ఆ మధ్యమం ఇంకా మూలుగుతోందిరా. మీ నాన్న ఉంటే ఊరుకునేవారా?" అంది.

ఆదివారం మళ్లీ విప్పాలి. అద్దం మీద 220 కాగితం ఇంకా పదునుగానే ఉంది.